అన్నకు కాగబెట్టిన నీళ్లు

గద్వాల చీరకు నడుమంత నూలు, అంచులు పట్టు. ఆ రెండిటినీ పోగుకు పోగు కలుపుకుంట నేయాలె గనుక మా ఇంట్ల ఒక్క మగ్గం మీద ఇద్దరం కూసుంటుంటిమి. కుడిదిక్కు మా అన్న, ఎడమదిక్కు నేను. నాకంటె పన్నెండేండ్లు పెద్దోడు. నాయిన పోయినంక నాకు పని నేర్పింది ఆయననే. మగ్గం కింది గుంటల కాళ్లు పెట్టుకొని పక్కపక్కన కూసుంటే ఆయన మోచేయి నా మోచేతికి తగులుతుండె. పోగు మోసే నాడె ఎప్పుడు ఇడుస్తడో, ఎప్పుడు ఆగుతడో ఆ తాకుడును బట్టే నాకు తెలుస్తుండె. నాకిప్పుడు తొంభైకి దగ్గర పడ్డయ్. మా అన్న మొఖం సరిగ్గ యాదికి రాదు గని ఆ మోచేయి మాత్రం ఇంకా తెలుస్తది.

మా వీధిల ఆయనంత పనోడు లేకుండె. ఇది తమ్మునిగ చెప్తున్న మాట కాదు. అంచుల హంసలు, చిలుకలు ఎన్ని పోగులకు ఒకసారి రావాలె, మెడ వంపు కాడ ఎన్ని ఇడువాలె, ఎన్ని పట్టాలె, ఆ లెక్కంత ఆయన తలల ఉండె. కాగితం మీద గీసుకునుడు తెల్వదు. పక్కిండ్ల మగ్గాలోళ్లు పని చిక్కుపడితే మా గడప కాడికొచ్చి నిలబడి అడుగుతుండ్రి. ఆయన చేతుల పని ఆపకుండ, తల ఎత్తకుండ జవాబు చెప్తుండె. వాళ్లు ఇంటికి పోయి చూసుకుంటే సరిగ్గ ఉంటుండె.

గుంట మగ్గం మీద పొద్దంత వంగి కూసునేటోనికి నడుము నొప్పి రాక మానదు. ఆయనకూ వచ్చింది. మా కులంలోనే ఒక పెద్దమనిషి, "రెండు దమ్ములు గుంజి చూడు, నడుమున్న సంగతే మర్చిపోతవు," అన్నడంట. గద్వాల కోట బయట ఒక పాత రాతి మండపం ఉండె. పొద్దుగూకే ముందు ఐదారుగురు అక్కడ కూసొని గంజాయి చిలుము తిప్పుకుంటుండ్రి, తత్వాలు పాడుకుంటుండ్రి. అన్న గూడ పోవుడు మొదలుపెట్టిండు. అప్పట్ల గంజాయి చాటుమాటు సరుకు కాదు. కల్లుకు ఉన్నట్టే దానికీ సర్కారు ఇచ్చిన గుత్త దుకాణం ఉండె. అది సాధువుల సరుకు, దాంతోని ఎవ్వరికి ఏమైతది అనేటోళ్లు.

మా అమ్మ అయితే సంతోషపడ్డది కూడ. "కల్లు తాగొచ్చి పెండ్లాలను కొట్టేటోళ్లను చూస్తలేమా బిడ్డా. మనోడు ఇంటికొచ్చి నవ్వుకుంట కూసుంటడు. నోట్లెకెల్లి ఒక చెడ్డ మాట రాదు," అన్నది. నిజమే. ఆ మొదటి ఏండ్లల్ల గంజాయి తాగిన అన్న మాకందరికి తాగని అన్న కంటె మంచిగనే అనిపిచ్చిండు. నేను రెండుసార్లు గుంజి చూసిన. దగ్గు వచ్చి, కండ్లు తిరిగి, ఇడిసిపెట్టిన. నాకు పడలేదు, అంతే. కాని బజారుకు పోయినప్పుడల్ల ఆయనకు పొట్లం తెచ్చిచ్చేది నేనే. ఎవ్వరూ తెమ్మని చెప్పకున్నా తెస్తుంటి. అన్నకు ఇష్టమైంది తెచ్చిస్తున్న అనుకున్న. అప్పటికి నాకు పందొమ్మిది, ఇరవై ఏండ్లుంటయ్. తెలివి లేని ఈడు కాదు.

మొదట పని అయినంక ఒక చిలుము. రెండు మూడేండ్లకు పనికి కూసునే ముందు ఒకటి, పగటి బువ్వ తిన్నంక ఒకటి. యుద్ధం రోజులొచ్చినయ్, నూలు దొరకకుండె. మగ్గం ఖాళీగున్న దినాలు ఎక్కువైనయ్. ఇక పొద్దుగాల కండ్లు తెరిచి, పక్క మీదికెల్లి లేవకముందే చిలుము వెతుక్కుంటుండె. ఎండకాలంల గూడ తగ్గని దగ్గు పట్టుకుంది. దగ్గి దగ్గి గోడ పట్టుకొని నిలబడుతుండె. ఉమ్మి నల్లగ పడుతుండె.

మా వదినెది నాగర్‌కర్నూలు దగ్గరి పల్లె. వాళ్లదీ మగ్గాలోళ్ల ఇల్లే గని, వాళ్లన్న మగ్గం ఇడిసిపెట్టి మెట్ట చేను చేసుకుంటుండె. ఆమె మాటకు తక్కువ, పనికి ఎక్కువ. ఆయన మారిపోతుండని అందరికంటె ముందు చూసింది ఆమెనే. ఒకనాడు నూలు చుట్టుకుంటనే నాతోని అన్నది, "మరిదీ, మీ అన్న నిన్న చెప్పిన ముచ్చటనే ఇయ్యాల మల్ల చెప్పిండు. చెప్పిన అని గూడ ఆయనకు యాది లేదు."

నేను నవ్వి ఊకున్న. నాలుగు దినాలకు మగ్గం మీద అన్న మోచేయి ఆగింది. నాడె చేతిలనే ఉంది.

"తమ్మీ, ఎన్నో పోగు మనది?"

"నువ్వే చెప్పాలె అన్నా."

"అవునుర," అని నవ్విండు. ఎంతసేపు కూసున్నా ఆ లెక్క రాలేదు. ఆఖరికి జానెడు నేత విప్పి మల్ల మొదలుపెట్టినం. ఆ తర్వాత మెల్లమెల్లగ లెక్క నా దిక్కు వచ్చింది. నేను చెప్తుంటి, ఆయన చేస్తుండె. గడప కాడికి అడగవచ్చేటోళ్లు తగ్గిపోయిండ్రు. ఆయనకు ఆ సోయి లేకుండె.

ఒకసారి ఆయన చిన్న బిడ్డకు జ్వరం కాసింది. పిల్ల కండ్లు తేలేస్తుండె. వదినె ఆయనను హకీమును పిలుచుకరమ్మని పంపింది. గంట గడిచింది, రెండు గంటలు గడిచినయ్. నేను వెతుక్కుంట పోతే మండపం మెట్ల మీద కూసొని ఉండు. "అరె, హకీము కాడికే పోతుంటి. ఇక్కడ జర కూసున్న," అన్నడు. నేనే పరుగుపెట్టి హకీమును తెచ్చిన. పిల్ల బతికింది. ఇంటికొచ్చినంక అమ్మ ఆయనను నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన తలవంచుకొని విన్నడు. విన్నంక, "మర్చిపోయిన అమ్మా," అని నవ్విండు. మీద పడి తిరగబడితే మేమూ కొట్లాడుదుము. ఆ నవ్వుతోని ఎవ్వరేం కొట్లాడుతరు?

ఇంకో రెండేండ్లకు వాంతులు మొదలైనయ్. పొద్దుగాల లేస్తనే కడుపు తిప్పుతుండె. తిన్నా తినకున్నా వాంతి. పచ్చటి పసరు పడేదాక వాంతి. కడుపుల మెలిపెట్టినట్టు నొప్పి. నాలుగు దినాలు గిట్ల అయి, పది దినాలు తగ్గి, మల్ల వస్తుండె. ఆ నొప్పి వచ్చినప్పుడు ఆయన అడిగేది ఒక్కటే, వేడినీళ్లు. తాగనీకె కాదు, మీద పోసుకోనీకె. తానం చేసే జాలాట్ల కూసొని పొగలు కక్కే నీళ్లు నెత్తి మీద పోసుకుంటుండె. పోసుకున్నంత సేపు నెమ్మదిగ ఉంటుండె. నీళ్లు అయిపోంగనే మల్ల మొదలు.

"కాగినయా?"

"కాగుతున్నయ్."

"జల్ది తే. సచ్చిపోతున్న."

దినానికి ఆరుసార్లు, ఎనిమిదిసార్లు వదినె నీళ్లు కాగబెట్టింది. పొయ్యి ఆరకుండె. ఆయన వీపు, భుజాలు కమిలి ఎర్రగ అయి, కొన్నికాడ తోలు లేస్తుండె. "ఇంత వేడి పోస్తే కాలుతది," అని ఆమె చన్నీళ్లు కలిపితే చెంబు ఇసిరికొడుతుండె. వీధి ఆడోళ్లు వచ్చి, చేతబడి అన్నరు, గాలి సోకింది అన్నరు. అమ్మ తాయత్తు కట్టించింది. హకీము చూర్ణాలిచ్చిండు, అవీ వాంతిలనే పోయినయ్.

అది ఏం రోగమో మాలో ఒక్కరికి గూడ తెల్వదు. చాన ఏండ్లకు, నా ముసలితనంల, నా మోకాళ్ల నొప్పులు చూసే ఒక చిన్న వయసు డాక్టరుకు మాటల మధ్యల మా అన్న సంగతి చెప్పిన. గంజాయి తాగుతుండె, వాంతులైతుండె అని నేనన్న, అంతే. ఆ అబ్బాయే అడిగిండు, "వేడినీళ్లు పోసుకునేటోడా తాతా?" అని. నీకెట్ల ఎరుక బిడ్డా, అన్న. ఏండ్ల తరబడి బాగ తాగేటోళ్లల్ల కొందరికి గట్ల వస్తదంట. వేడినీళ్లతోని ఆ కాసేపు తగ్గుతదంట. తాగుడు మానితే తప్ప పోదంట. "మాకు గూడ ఈ మధ్యనే తెలిసింది తాతా, అప్పట్ల ఎవ్వరికి తెలుస్తది," అన్నడు, నన్ను ఓదార్చనీకె.

అప్పట్ల ఎవ్వరికీ తెల్వలేదు. ఆయనను వనపర్తి పెద్ద దవాఖానకు తీసుకపోదాం అన్నది వదినె. రైలెక్కి కృష్ణ దాటి, వనపర్తి రోడ్డు స్టేషన్ల దిగి, అక్కడికెల్లి టాంగల పోయినం. రైలుల దారిపొంట కిటికీలకెల్లి తల బయటపెట్టే ఉన్నడు. ఎదురుగ కూసున్నోళ్లు మూటలు జరుపుకొని దూరం పోయిండ్రు. వదినె ఆయన వీపు రాసుకుంట కూసుంది.

డాక్టరు సాబ్ నెత్తి నెరిసిన మనిషి. ఛాతీ మీద గొట్టం పెట్టి శానసేపు విన్నడు. కడుపు అంతా వత్తి చూసిండు.

"ఎన్నేండ్ల సంది తాగుతుండు?"

నేను, "ఆరేడేండ్ల సంది సాబ్," అన్న.

"రోజుకెంత?"

"లెక్క లేదు. లేచినప్పటి సంది పండేదాక," అన్నది వదినె.

"ఛాతీ లోపల పొగ పట్టిపోయింది. దగ్గుకు మందిస్త. ఈ వాంతుల సంగతే నాకు సమజ్ అయితలేదు. గడ్డ లేదు, కామెర్లు లేవు. ముందుగాల ఆ గంజాయి బంద్ చేయించుండ్రి. తర్వాత చూద్దాం," అన్నడు.

ఆయన తప్పు చెప్పలేదు. కాని టాంగల తిరిగి వచ్చేటప్పుడు అన్న, "కడుపు తిప్పితే దమ్ము గుంజితేనే గదా జర నెమ్మదైతది. దాన్నే బంద్ చెయ్యమంటడేంది ఈయన?" అన్నడు. వదినె నా దిక్కు చూసింది. నిజం చెప్తున్న, నాకు గూడ అన్న మాటనే సబబు అనిపించింది. గంజాయి ఆకలి పెంచుతదని లోకమంత అంటుండె.

అయినా వదినె ఊకోలేదు. దుకాణం కాడికి పోయింది. మా ఇండ్ల ఆడోళ్లు ఎన్నడూ ఆ గడప తొక్కలేదు. "మా ఇంటాయనకు ఇయ్యకుండ్రి, మీకు దండం పెడత," అన్నది. దుకాణమాయన గూడ చెడ్డోడు కాదు, లేచి నిలబడ్డడు. "దుకాణం సర్కారు ఇచ్చింది అమ్మా. అడిగినోనికి లేదంటే ఎట్ల? నేను ఇయ్యకుంటే ఇంకొకని చేత తెప్పిచ్చుకుంటడు," అన్నడు. ఆమె ఇంటికొచ్చి చిలుము పగలగొట్టింది. మరునాడు ఆయన చేతిల కొత్త చిలుము ఉంది.

అప్పుడు ఆమెనే ఉపాయం చెప్పింది, నాగర్‌కర్నూలు దిక్కు వాళ్లన్న చేను కాడికి తీసుకపోదాం, అక్కడ ఈ సోపతి ఉండదని. నేను తోడుపోయిన. మగ్గం మూలకు పడ్డది.

మొదటి నాలుగైదు దినాలు ఆయన మనిషి కాదు. నిద్ర లేదు. చెమటలు. చేతులు వణుకుతుండె. నన్నే చంపుతనని లేస్తుండె, అంతల్నే కూలబడి ఏడుస్తుండె. "తమ్మీ, ఒక్క దమ్ము. నీ కాళ్లు మొక్కుత. ఒక్కటే," అంటుండె. అన్న నా కాళ్లు పట్టుకుంటే నేను ఎటు చూడాల్నో తెల్వక కంచె దిక్కు చూసిన. వారం దినాలకు వాంతి ఆగింది. రెండో వారంల వేడినీళ్లు అడుగుడు ఆగింది. జొన్న రొట్టె, పుంటికూర తిని, ఇంకొక రొట్టె పెట్టమన్నడు. వదినె పెట్టి, ఇంట్లకు పోయి కొంగు నోట్ల కుక్కుకుంది. నేను చూడనట్టే ఉన్న.

మూడో వారంల ఒక పొద్దు చేను గట్టు మీద కూసున్నం. ఆయన పుల్లతోని మట్టిల ఏందో గీస్తుండు. వంగి చూస్తే హంస.

"మెడ గిట్ల వెనుకకు తిప్పితే ఎట్లుంటదిర? పన్నెండు పోగులకు ఒకటి వస్తది. నడుమ ఒక మొగ్గ."

"మొగ్గకు ఎన్ని?"

"ఐదు," అన్నడు, టక్కున.

నా జన్మల నేను అంత సంతోషపడ్డ దినం ఇంకొకటి లేదు. మేం గెలిచినం అనుకున్న. ఆ తర్వాత వారానికే ఇల్లు చేరినం. అది మేం చేసిన తప్పు అనాల్నో, ఏం అనాల్నో తెల్వదు. ఎన్ని దినాలు పరాయి ఇంట్ల ఉంటం? మగ్గం లేకుంటే ఏం తింటం? హంసల అంచు మొదలుపెట్టినం. ఎనిమిది దినాలు నేసినం. తొమ్మిదో దినం మండపం సోపతిగాడు ఒకడు గడప కాడికి వచ్చి, "మంచిగైనవంట, చూసిపోదామని వచ్చిన," అన్నడు. అన్న వాన్ని సాగనంపనీకె అని లేచి పోయిండు. తిరిగి వచ్చినప్పుడు కండ్లు ఎర్రగున్నయ్. "ఒక్కటే గుంజిన తమ్మీ. గింత దానికి మొఖం అట్ల పెట్టకు," అన్నడు.

నెల తిరగకముందే వాంతులు వచ్చినయ్. ఈసారి దాంతోని ఇంకొకటి గూడ వచ్చింది. గోడ అవుతల ఎవ్వరో తనను తిడుతుండ్రు అనబట్టిండు. గోడ అవుతల ఖాళీ దొడ్డి. తీసుకపోయి చూపిచ్చినం. "మనం రాంగనే దాసుకున్నరు," అన్నడు. వదినె పెట్టిన బువ్వ తినకుండె. ముందుగాల ఆమె ఒక ముద్ద తినాలె, అప్పుడు గూడ అనుమానమే. ఒకనాడు నా మొఖం మీదనే, "నువ్వూ అదీ ఒకటైండ్రు. నాకు మందు పెడుతుండ్రు. నాకు ఎరుకనే," అన్నడు. ఆమె నన్ను ఎత్తుకొని పెంచినంత పని చేసిన మనిషి. మేమిద్దరం ఆ తర్వాత ఒకరి మొఖం ఒకరు చూసుకొని మాట్లాడుకోనీకె ఎన్ని నెలలు పట్టిందో.

ఒక పగటిపూట నేను బువ్వ తిని మగ్గం కాడికి వస్తే, అన్న కత్తెర పట్టుకొని నిలబడి ఉండు. పడుగు సగం తెగి గుంటలకు వేలాడుతుంది. అయిపోవచ్చిన చీర. హంసలు నలిగి పడి ఉన్నయ్.

"అండ్ల నా పేరు పెట్టి నేస్తుండ్రు. నేను సావాలని నేస్తుండ్రు," అన్నడు.

నేను ఆయనను కొట్టిన. చెంప మీద, తర్వాత భుజం మీద, ఇంక ఎక్కడెక్కడనో. నాకు పని నేర్పిన అన్నను కొట్టిన. ఆయన చెయ్యి అడ్డం గూడ పెట్టలేదు. కొట్టుడు అయినంక కత్తెర నా చేతికిచ్చి, "ఆకలైతుంది," అన్నడు.

ఇంక ఆయన మగ్గం ఎక్కలేదు. వదినెనే ఆ కుడిదిక్కు వచ్చి కూసుంది. ఆడమనిషి గుంటల దిగుడేందని వీధిల అనుకున్నరు. మొదట్ల అంచు వంకరగ వచ్చింది, మెల్లగ సక్కనైంది. నడుమ నడుమ లేచిపోయి నీళ్ల కాడ పొయ్యి ఎగదోసి వస్తుండె.

ఆయన పోయింది ఆ తర్వాతి ఎండకాలంల. ముప్పై ఎనిమిదేండ్లు ఉంటయ్. ఐదు దినాలు ఆగకుండ వాంతులు. చెంబు నీళ్లు తాగినా నిలుస్తలేవు. మూత్రం బందైంది. నాలుక ఎండి చెక్క తీర్గ అయింది. ఐదో దినం పొద్దెక్కినంక, ఇంక మా ఊరి దవాఖానకన్న వేసుకపోవాలె అని నేను బండి కోసం పోయిన. ఆయన అప్పుడు గూడ జాలాట్ల కూసొని నీళ్లు పోయమంటుండె. బండాయన ఎడ్లను ఇంకా కట్టనే లేదు, అమ్మ అరుపు వినబడ్డది. నేను ఉరికి వచ్చేసరికి వదినె తడి చీరతోని నేల మీద కూసొని ఉంది. ఆయన తల ఆమె ఒళ్లె ఉంది. చెంబు పక్కకు దొర్లింది. ఆమె ఏడుస్తలేదు. "పోసుకుంట పోసుకుంట గిట్ల ఒరిగిండు మరిదీ," అన్నది. అట్ల ఎట్లైతది అని నన్నే అడిగినట్టు అన్నది.

అమ్మ ఆ యాడాది దాటలేదు. వదినె పుట్టింటికి పోలేదు. పిల్లలను పెట్టుకొని మాతోనే ఉండి, ఇరవై ఏండ్లకు పైన నా పక్కన కూసొని నేసింది. నా పెండ్లి చేసింది, నా పిల్లలకు తానం పోసింది. ఆ ఇరవై ఏండ్లల్ల అన్న మాట ఆమె నోట ఒక్కసారే వచ్చింది. అప్పటికి ఆమెకు చూపు మందగించింది. పోగు దొరకక వేళ్లతోని తడుముకుంట, పనిల పనిగ అడిగింది.

"మరిదీ, నేను ఇంకా గట్టిగ కొట్లాడితే ఇల్లు ఇడిసి పోతడేమో అని భయపడ్డ. కొట్లాడకుంటే గట్లైంది. నేను ఏం చేసుండాలె?"

నేను తెగిన పోగు వెతికి ఆమె వేళ్ల మధ్యల పెట్టిన. ఆమె దాన్ని ముడేసి నాడె అందుకుంది.